సర్దార్ ఆగయ్య చెప్పిన రేటు

సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. భూపాలపల్లి బొగ్గు బాయిల మీద సైరన్ మోగడం లేదు. కార్మికులంతా కాలనీ గ్రౌండు పక్కన వేసిన టెంటులో పొద్దస్తమానం కూర్చుంటున్నారు. ఎంతసేపని కూర్చుంటారు చెప్పండి! తెలంగాణ కావాలని అరిచీ అరిచీ గొంతులు పోయాయి. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటా వార్పూ చేశారు. ఇక కాళ్లూ చేతులూ ఊరుకోక బాస్కెట్‌బాల్ పోటీలు పెట్టారు. జనగామ నుంచి ఒక జట్టు వచ్చింది, మహబూబాబాద్ నుంచి ఒకటి, ఇంకా చుట్టుపక్కల నుంచి నాలుగైదు. పోటీ అన్నాక పందెం లేకుండా ఉంటుందా? పందెం లేని పోటీ మనవాళ్ల రక్తంలోనే లేదు. కాకపోతే జీతాల్లేని రోజులు, జేబులో చెయ్యి పెడితే దారప్పోగులు తప్ప ఏమీ తగలవు. అందుకని బీడీలతో కాసుకున్నారు.

ఆ పందేలకు రేటు చెప్పేది సర్దార్ ఆగయ్య.

సర్దార్ అంటే బాయిలో ఆయన ఉద్యోగం. షిఫ్టు మొదలుకాక ముందే లోపలికి దిగి, చేతికర్రతో పైకప్పును తట్టి, ఆ చప్పుడు విని, ఇక్కడ పని చేయొచ్చు, అక్కడికి పోవద్దు అని చెప్పడం ఆయన పని. ఆయన సరే అంటే మారుమాట లేకుండా ఆ కప్పు కిందికి వెళ్లి నిలబడతారు జనం. ప్రాణాలే ఆ మాట మీద పెట్టినవాళ్లు బీడీలు పెట్టరా? ఎవరు గెలిచేట్టున్నారో చూసి, ఎటువైపు ఎంతమంది కాస్తున్నారో చూసి, ఆగయ్య రేటు చెప్పేవాడు. ఓడిపోతుందనుకున్న జట్టు మీద కాస్తే ఒకటికి మూడో నాలుగో వస్తాయి. ఇద్దరూ సమానమైతే ఒకటికి ఒకటి. బీడీ కట్టలన్నీ బిస్కెట్ల డబ్బాలో వేసుకుని కాపలా కూర్చునేవాడు ఆయన దోస్తు కట్టయ్య.

దీనికో కట్టుబాటు పెట్టుకున్నారు. రేటు చెప్పేవాడు తాను పందెం కాయకూడదు. ఆటగాళ్ల గురించి ఏ కబురు చెవిన పడినా, మంచిదైనా చెడ్డదైనా, అప్పటికప్పుడు లేచి నిలబడి అందరికీ వినబడేలా చెప్పాలి. చెప్పాకే రేటు మార్చాలి. ఒకడికి తెలిసి ఇంకొకడికి తెలియకపోతే అది పందెం కాదు, మోసం అని ఆగయ్యే అన్నాడు. అన్నట్టుగానే నడిచాడు కూడా. టేకుమట్ల నుంచి వచ్చి మన జట్టుకు ఆడే వీరేందర్‌కు మడమ బెణికిన సంగతి పొద్దున్నే టెంటులో చాటేశాడు. "మా వాని కాలు సంగతి నీకెందుకే సర్దారూ? నీ నోరు పడిపోను!" అని వీరేందర్ తల్లి వచ్చి తిట్టిపోసింది. తన కొడుకు జితేందర్‌కు జ్వరం వచ్చిన రోజు కూడా లేచి నిలబడి, "మా జితేందర్‌కు ఒళ్లు కాలుతున్నది. రేటు ఒకటికి మూడు" అన్నాడు.

జితేందర్ భూపాలపల్లి జట్టుకు ఆయువుపట్టు. చామనఛాయ, సన్నటి మనిషి, బంతి చేతికొస్తే పాదరసమే. ఒక్కగానొక్క కొడుకు. అయినా సెమీఫైనల్‌లో జనగామతో ఆట అని తేలగానే ఆగయ్య మొహమాటపడకుండా చెప్పాడు: "మన జట్టు మీద ఒకటికి నాలుగు."

టెంటంతా గొల్లుమంది. మరి జనగామ వాళ్లు హీరాలాల్‌ను తెచ్చుకున్నారాయె! మరిపెడ పక్క తండా పిలగాడు, తలుపు దగ్గర వంగకుండా ఏ ఇంట్లోకీ దూరలేడు. ఎవరు కిరాయి ఇస్తే వాళ్లకు ఆడతాడు, ఆటే వాడి బతుకు. "పైసలకు ఆడెటోనికి పానం ఎక్కడుంటది?" అని మనవాళ్లు వాడిని చాటున ఈసడించుకున్నారు. కానీ పందెం మాత్రం వాడి మీదే కాశారు.

ఆ రాత్రి ఇంట్లో అన్నం పెడుతూ ఆగయ్య భార్య సాలమ్మ గరిటె పళ్లెం మీద టంగుమని కొట్టింది. "కన్నకొడుకు మీద ఒకటికి నాలుగా! నీ నోట్లె మన్నువడ! ఊరోళ్లు నవ్వుతుండ్రు."

"రేటుకు కొడుకు లేడు, కోడలు లేదు, సాలీ. ఎట్లుంటె గట్ల చెప్పాలె."

"చెప్పు చెప్పు. వాడు గెలిసినంక నీ మొహం ఎక్కడ వెట్టుకుంటవో నేను సూస్త."

జితేందర్ పెరుగు పోసుకుని గబగబా తిని లేచిపోయాడు. వాడి మనసు నొచ్చిందని ఆగయ్యకు తెలుసు. నిజానికి ఆయన లోలోపల కోరుకుంటున్నది ఒక్కటే. ఎన్నాళ్లకైనా ఒక్కసారి, న్యాయంగా, ఎవరూ వేలెత్తి చూపకుండా, నా కొడుకే గెలుస్తాడు అని పదిమందిలో రేటు చెప్పాలి. పిచ్చి ఆశే. కానీ తండ్రి ఆశ.

సెమీఫైనల్‌కు నాలుగు రోజుల ముందు సాలమ్మకు ఆయాసం వచ్చింది. గుండె జబ్బు ఆమెకు పాతదే. ఈసారి కూర్చున్నా పడుకున్నా ఊపిరి అందలేదు. అంబులెన్సులో వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. కూతురు యమున తల్లి దగ్గర కూర్చుంది. సాలమ్మ మాట మీద జితేందర్ ఆట కోసం ఊళ్లోనే ఆగాడు. మందులతో రెండు రోజులకు ఆయాసం కాస్త తగ్గింది. ఆట రోజు పొద్దున్నే సాలమ్మే మొగుణ్ణి తరిమింది.

"నువ్వు పో. రేటు చెప్పెటోడు లేకుంటె ఆళ్లు కొట్టుకుంటరు. పోయి, వాడు ఎట్ల ఆడిండో సూసొచ్చి చెప్పు. రేపు వాన్ని తోలుకరా."

బస్సులు లేవు. పాల వ్యాను పట్టుకుని పరకాల మీదుగా ఆగయ్య భూపాలపల్లి చేరాడు. దిగీ దిగగానే జితేందర్ ఎదురొచ్చాడు. "అవ్వ ఎట్లున్నది బాపూ? నేను ఇప్పుడే పోత, ఆటకు ఇంకెవన్నన్న వెట్టుకోమను."

"మంచిగనే ఉన్నది బిడ్డా. ఆడి రమ్మన్నది. రేపు పోదాం" అన్నాడు ఆగయ్య. అందులో అబద్ధం లేదు, అప్పటికి.

మధ్యాహ్నం ఎండ తగ్గాక ఆట మొదలైంది. గ్రౌండు చుట్టూ జనం ఈగ దూరే సందు లేకుండా నిండారు. ఆడవాళ్లు గోడలెక్కి కూర్చున్నారు. మధ్యలో "జై తెలంగాణ" అంటే బంతి కూడా ఒక్క క్షణం ఆగినట్టుండేది. సగం ఆట దాకా పందేలు తీసుకుంటారు గనుక ఆగయ్య గీత పక్కనే ఇనప కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

జనగామ వాళ్లకు మొదట్లోనే దెబ్బ తగిలింది. రైళ్లు ఆపేయడంతో హీరాలాల్‌కు జోడీగా రావాల్సిన ఆటగాడు కాజీపేటలోనే చిక్కుకుపోయాడు. ఆగయ్య లేచి ఆ కబురు చాటి, రేటు ఒకటికి రెండుకు దించాడు. ఇక జితేందర్ చూడండి! హీరాలాల్ చంకల కింది నుంచి దూరిపోయి బుట్టలో వేశాడు. తిరిగి చూసేలోపు మళ్లీ వేశాడు. రేటు ఒకటికి ఒకటి అయింది. వీరేందర్ కుంటుతూనే ఓ బంతి అందించాడు, జితేందర్ దూరం నుంచి విసిరాడు, అది ఇనప రింగును కూడా తగలకుండా జారిపోయింది. జనం ఈలలు వేస్తున్నారు. అప్పుడు ఆగయ్య లేచి నిలబడి అన్నాడు: "మన జట్టే ముందున్నది. ఇగ జనగామ మీదనే ఒకటికి రెండు!"

ఇన్నాళ్లూ గొంతులో కూరుకుపోయిన మాట అది. చెప్పేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కట్టయ్య ఆయన వీపు మీద చరిచి, "సర్దారన్న ఏడుస్తుండురో!" అని ఎగతాళి చేశాడు. జనం భూపాలపల్లి మీద బీడీలు కుమ్మరించడం మొదలెట్టారు.

సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ మోగింది.

ఆ గోలలో వినబడక, టెంటు వెనక్కి పోయి చెవికి నొక్కి పెట్టుకున్నాడు. యమున ఏడుస్తోంది. "బాపూ, అవ్వకు మల్ల ఆయాసం లేచింది. ముక్కుకు గొట్టం వెట్టిండ్రు. డాక్టర్లు మీవాళ్లను జల్ది పిలిపించుకోండ్రి అంటుండ్రు. అవ్వ జితేందర్ ఏడీ, జితేందర్ ఏడీ అని ఒకటే అడుగుడు. ఇప్పుడే బయలెల్లుండ్రి బాపూ."

"వస్తున్నం బిడ్డా. ధైర్నంగుండు."

ఏం చేయాలో తెలియని పని కాదది. ముందుకు పోవాలి, చెయ్యెత్తాలి, ఆట ఆపించాలి. జితేందర్‌ను పిలవాలి. కట్టుబాటు ప్రకారమైనా, అందరికీ వినబడేలా కబురు చెప్పాలి. ఆగయ్య గీత దాకా వచ్చాడు. నోరు తెరిచాడు కూడా.

ఆ క్షణాన జితేందర్ గాల్లోకి లేచాడు. అంత పొడుగు హీరాలాల్ చెయ్యి చాచినా అందనంత పైకి. బంతి వేసి కిందికి దిగుతూ తండ్రి వైపు చూశాడు. ఒకటికి నాలుగు అన్నందుకు అలిగిన పిల్లవాడు ఆ చూపులో నవ్వాడు. ఆగయ్య నోరు మూసుకున్నాడు.

ఒక్క గంట, అనుకున్నాడు. సాలమ్మే గదా చూసి రమ్మన్నది. ఇంతకు ముందూ రెండుసార్లు ఆయాసం లేచింది, రెండుసార్లూ తగ్గింది. ఒక్క గంటలో ఏం మునిగిపోతుంది? ఇప్పుడు చెబితే వాడు ఆగుతాడా? ఆట పోతుంది, నెల రోజులుగా పస్తులతో ఉన్న ఇంతమంది మొహాలు వాడిపోతాయి. ఇలా తనకు తానే సర్దిచెప్పుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. బాయిలో ఇంత పగులు కనబడినా వందమందిని వెనక్కి తోలిన మనిషి! ఏ దయ్యం పట్టిందో ఏమో ఆ పూట.

సగం ఆట అయ్యాక కట్టయ్య వచ్చి చెవిలో అన్నాడు. "సర్దారన్నా, సమ్మె కమిటీ జీపు వరంగల్ పోతున్నది. ఒక్కరికి జాగ ఉన్నదట. వదినెను సూడ పోతవా?"

ఇద్దరికీ కావాలంటే వాళ్లు జరిగి కూర్చునేవాళ్లే. "ఆట అయినంక పోత" అన్నాడు ఆగయ్య. జీపు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

నాలుగు భాగాల ఆటలో మూడోది నడుస్తుండగా ఫోన్ మళ్లీ మోగింది. "బయలెల్లిండ్రా బాపూ?"

ఆగయ్య లేదు అనలేడు. ఎల్లినం అనీ అనలేడు, వెనక ఈలలు వినబడుతూనే ఉన్నాయి. నోటికొచ్చింది అనేశాడు. "వాడు ఆట మీదున్నడు బిడ్డా. అయిపోంగనే వస్తనంటుండు."

"సరే. గదే చెప్త" అని యమున పెట్టేసింది.

ఆ తర్వాత ఫోన్ మోగలేదు. నెమ్మదించి ఉంటుందిలే అని ఆగయ్య ఊపిరి పీల్చుకున్నాడు. ఎంత వెర్రివాడు!

చివరి భాగంలో హీరాలాల్ విజృంభించి ఆటను సమానం చేశాడు. ఇంక ఒక్క ఊపిరి పీల్చేంత సమయమే మిగిలింది. జితేందర్ బంతి పట్టుకుని ఎటు పోవాలో తెలియనట్టు ఆగి, చటుక్కున పక్కకు తిరిగి విసిరాడు. పడింది. గ్రౌండు చుట్టూ ఉన్న జనమంతా లోపలికి ఉరికారు. ఎవరో వాడిని భుజాలకెత్తుకున్నారు. ఎవరో డప్పు అందుకున్నారు. కట్టయ్య బీడీల డబ్బా నెత్తిన పెట్టుకుని గంతులేస్తున్నాడు. ఆగయ్య ఆ జనాన్ని తోసుకుంటూ, కిందపడి లేచి, కొడుకు కాలు దొరకబుచ్చుకున్నాడు.

"దిగు బిడ్డా. దిగు. అవ్వకు మంచిగ లేదు. ఇప్పుడే ఫోనొచ్చింది."

జితేందర్ భుజాల మీంచి దూకాడు. చెప్పులు కూడా వెతుక్కోలేదు. "జీపేది? కమిటీ జీపేది?" అని టెంటంతా ఉరికాడు. జీపు వెళ్లి గంట కావస్తోందని ఎవరో చెప్పారు.

అప్పుడు ముందుకొచ్చింది ఎవరనుకున్నారు? హీరాలాల్. ఓడిపోయిన జట్టు డీసీఎం వ్యానులో సామాన్లు ఎక్కించుకుంటోంది. ఈ కేకలు విని వాడు ఒక్కంగలో వచ్చి జితేందర్ రెక్క పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఆగయ్యను ఎత్తి వెనక ఎక్కించాడు. డ్రైవరును వేగంగా పొమ్మని తరిమాడు. వెనక బల్ల మీద ఆగయ్య పక్కనే కూర్చుని, చెమట తుడుచుకుంటూ అడిగాడు.

"ఫోన్ ఎప్పుడొచ్చింది కాకా?"

ఆగయ్య తల వంచుకున్నాడు. ఈ పిల్లవాడికి అబద్ధం చెప్పే ఓపిక కూడా ఆయనలో మిగల్లేదు. "సగం ఆట కాకముందే."

హీరాలాల్ మొహం మాడిపోయింది. "అయ్యో కాకా! చెప్తె ఆట ఆపేటోళ్లం గదనే. మాదేం పోయింది, రేపు ఆడెటోళ్లం. ఆట ఎక్కడికన్న పోతదా?"

పైసలకు ఆడే వాడికి ప్రాణం ఉండదన్నారు కదా! ఆగయ్యకు హీరాలాల్ మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

పరకాల దాటాక రోడ్డుకు అడ్డంగా ఎడ్ల బండ్లు పెట్టి, నడుమ పొయ్యిలు వెలిగించి జనం వంటలు చేస్తున్నారు. జితేందర్ బండి ఆగకముందే దూకి, చేతులు జోడించి, "మా అవ్వ దవాఖానల ఉన్నదే" అన్నాడు. అంతే. పదిమంది ఆడవాళ్లు కాగుతున్న గుండిగలను పక్కకు లాగారు, మగవాళ్లు బండ్లను తోశారు. ఒకావిడ పరుగెత్తుకొచ్చి వ్యాను కిటికీలోంచి వాడి తల నిమిరి పంపింది. చెప్పిన చోటల్లా దారి వదిలారు జనం. చెప్పకపోవడమే తక్కువైంది.

దీపాలు పెట్టే వేళకు దవాఖాన చేరారు. యమున వార్డు బయట మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. తమ్ముణ్ణి చూసి లేవలేదు.

"అయిపోయిందారా ఆట?" అంది.

ఆ గొంతు విని జితేందర్ అక్కడే నిలబడిపోయాడు. "అక్కా, అవ్వ..."

"పోయింది. గంట సేపయింది." యమున కొంగు నోట్లో కుక్కుకుంది, మళ్లీ తీసింది. "ఊపిరి అందకున్నా నీ పేరే అడిగింది. ఆట అయినంకనే వస్తనంటుండు అవ్వా అని చెప్పిన. కానియ్యి తియ్యి, ఆడుకోనియ్యి అన్నది. మల్ల అడగలె. గోడ దిక్కు తిరిగి పండుకున్నది. నన్ను సుత సూడలె. గంత పెద్ద ఆటనారా అది? అవ్వ కంటె పెద్దదారా?"

"నేనెప్పుడన్న అక్కా?" జితేందర్ గొంతు చిన్నపిల్లవాడి గొంతులా వచ్చింది. "నాకు చెప్పిందే ఆట అయినంక. నేనెప్పుడన్న వస్తలేనని?"

అక్కాతమ్ముళ్లు ఇద్దరూ తండ్రి వైపు తిరిగారు. ఆగయ్య గోడకు ఆనుకున్నాడు. దాచడానికి ఇంకేం మిగిలిందని!

"వాడు అనలె యమునా. వానికి తెల్వనే తెల్వదు. నేనే చెప్పలె. నీకు గట్ల చెప్పింది నేనే."

యమున నెత్తి బాదుకుంది. జితేందర్ లోపలికి ఉరికాడు. నర్సు దుప్పటి కప్పి ఉంచింది. దాన్ని తీసి, తల్లి చెవి దగ్గర వంగాడు.

"అవ్వా, నాకు చెప్పలేదే. చెప్తె ఉరికొచ్చేటోన్ని. నేను రానని అనలేదే అవ్వా. అవ్వా, నాకు తెల్వదే." నిద్రపోతున్న మనిషిని లేపుతున్నట్టు అదే మాట మళ్లీ మళ్లీ చెప్పాడు. ఒక చెవిలో చెప్పి, మంచం చుట్టూ తిరిగి వచ్చి రెండో చెవిలో చెప్పాడు. పక్క మంచాల వాళ్లు కళ్లు తుడుచుకున్నారు. యమున వచ్చి వాడిని గుండెలకు హత్తుకుని బయటికి తెచ్చింది. ఆమె చేతుల్లోంచి విడిపించుకుని వాడు తండ్రి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బాపూ, నువ్వు లోపటికి పో. పోయి నువ్వు చెప్పు. నేను చెప్తె ఇంటలేదు."

కోపంతో అన్న మాట కాదది. నిజంగానే అడుగుతున్నాడు. తండ్రి చెబితే తల్లి నమ్ముతుందని ఆ పిల్లవాడి ఆశ. ఆగయ్య చొక్కా గుండీ పెట్టుకుని లోపలికి వెళ్లాడు. సాలమ్మ చెవి దగ్గర వంగి, "సాలీ, వాడు రానన్నది అబద్ధం. తప్పంత నాదే" అన్నాడు. మొదట మెల్లగా అన్నాడు. తర్వాత వార్డంతా వినబడేలా గట్టిగా అన్నాడు. తలుపు దగ్గర నిలబడి జితేందర్, "ఇన్నదా బాపూ?" అని అడిగాడు.